చీమల గూటిలో పెంకు పురుగు కనిపిస్తే చీమలు దాన్ని ఎందుకు చంపవు?

రాయి కింద పసుపు చీమల మధ్య తేనెరంగులో ఓ చిన్న పెంకు పురుగు కనిపించింది, చీమలు దాన్ని ఏమీ అనట్లేదు, ఇదేం స్నేహం అని అడిగారు. దక్షిణ ఇంగ్లండ్ సున్నపురాతి గుట్టల మీద చూశానన్నారు కాబట్టి అది చాలామటుకు క్లావిజర్ టెస్టేసియస్ అయి ఉంటుంది. నేనుండేదీ ఆ వైపే, వసంతం వస్తే చాలు రాళ్ళు ఎత్తి వీటిని వెతకడం నాకో పిచ్చి. స్నేహమని మాత్రం నేననను. తేరగా తిని తిరిగే చుట్టం అనొచ్చు.

పొడవు 2 మి.మీ. పైచిలుకు, అంతే. కళ్ళు లేవు, ఎగరలేదు. భూతద్దంలో చూస్తే రెక్కల మీది పెంకులు పొట్టిగా ఉండి, అవి అయిపోయే చోట వీపు మీద చిన్న గుంట, దాని పక్కన బంగారు రంగు వెంట్రుకల కుచ్చులు కనిపిస్తాయి. కథంతా అక్కడే ఉంది. అక్కడ ఊరే స్రావమంటే చీమలు పడి చస్తాయి. మట్టితో సహా కొన్ని చీమల్నీ ఒక పురుగునీ డబ్బాలో పెట్టి చూశాను: ఒక చీమ దాని మీదికి వంగి ఆ కుచ్చుల్ని నాకుతూనే ఉంది, ఇంకోటి వచ్చి పక్కకి తోసినా వదల్లేదు, పురుగేమో తనకేం పట్టనట్టు కదలకుండా నిలబడింది. కాసేపయ్యాక అది ఒక చీమ నోటికి నోరు ఆనిస్తే చీమ తన లోపలి నుంచి ద్రవం పైకి తెచ్చి తాగించింది, అచ్చం తోటి చీమకు పెట్టినట్టే.

ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కాదు, ముల్లర్ అనే జర్మన్ పాస్టర్ 1818లోనే రాశాడు. నాకు మాత్రం ఆ నాకుడు వల్ల గూటికి ఒరిగేదేమీ లేదనే అనిపిస్తుంది. పురుగుకైతే చీమలు లేకపోతే బతుకే లేదు.

మళ్ళీ వెతకాలనుకుంటే ఎండ కాస్తున్న వసంతకాలపు రోజున వెళ్ళండి, అప్పుడు చీమలు వెచ్చదనం కోసం రాళ్ళ అడుగుకే వస్తాయి, మిగతా కాలమంతా లోతులో వేళ్ళ పేనుబంక దగ్గరే గడుపుతాయి. రాయి ఎత్తగానే తమ పిల్లల్ని నోట కరుచుకుని పరిగెత్తే చీమల్ని గమనించండి, ఒక్కోసారి ఈ పురుగును కూడా అలాగే మోసుకుపోతాయి. రాయిని ఎత్తినంత నెమ్మదిగా దించండి, కింద చీమలు నలిగిపోతాయి.

ఇంకో మాట, అదే రాయి కింద తెల్లగా, చదునుగా, ఏడు జతల కాళ్ళతో మరో గుడ్డి జీవి కూడా తిరుగుతూ ఉంటుంది. అది అసలు కీటకమే కాదు, పీతల బంధువు. కాళ్ళు లెక్కపెడితే తేలిపోతుంది.