నైతికతను ప్రశ్నావళితో పట్టబోయే ముందు

చి. మేనకోడలికి, అమలాపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్‌లో, అంటే యాప్‌లూ వెబ్‌సైట్లూ వాడేవారికి ఎలా కనబడాలో, ఎలా పనిచేయాలో తీర్చిదిద్దే పనిలో, నైతికతపై నీ పరిశోధన ప్రతిపాదన శ్రద్ధగా చదివాను. ప్రశ్నావళిలో మొదటి ప్రశ్నను, అంటే “మీ పనిలో నైతిక విలువలకు ప్రాధాన్యమిస్తారా?” అన్నదాన్ని, తీసివెయ్యి, దానికి లేదని జవాబిచ్చే డిజైనరు ఎవరుంటారు? బదులుగా వారు తయారుచేసిన ఒక యాప్ తెరనే ముందుపెట్టి, చందా రద్దుచేసుకునే బటన్ అంత మూలకు ఎందుకు పోయింది, అలా ఉండాలన్నది ఎవరు, వద్దన్నవారి మాట ఏమైంది అని వరసగా అడుగు. 2019లో గ్రే, చివుకుల అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఇటువంటి నిర్ణయాల్లో డిజైనరు మనస్సాక్షితోపాటు సంస్థ పద్ధతులకూ పాత్ర ఉంటుందని చూపింది. నువ్వు పట్టుకోవలసింది ఆ రెండూ ఢీకొనే చోటును. అయితే గోప్యత ఒప్పందాలపై సంతకం చేసినవారు ఎవరో తెర వర్ణనతోనే తెలిసిపోవచ్చు కనుక, సంస్థ పేరు ఒక్కటే మార్చి ఊరుకోకు.

డార్క్ ప్యాటర్న్‌ల, అంటే వాడుకరిని మభ్యపెట్టి తనకు అక్కరలేనిది చేయించే తెర ఎత్తుగడల, నిర్వచనాలతో పేజీలు నింపనక్కరలేదు. డిజైనరు హ్యారీ బ్రిగ్నల్ ఆ పేరు పెట్టింది 2010లో; మన దేశంలో 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకాలు 13 రకాలను పేర్కొన్నాయి. అంతవరకు చాలు.

వాడుకరుల విషయంలో మాత్రం తొందరపడవద్దు. రాజోలు, భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద కాసేపు కూర్చుంటే, ఫోను తండ్రిదైనా “అంగీకరిస్తున్నాను” అన్నచోట నొక్కేది కొడుకో, మేత దుకాణం కుర్రవాడో కావడం నీకు కనబడవచ్చు. అప్పుడు ఆ సమ్మతి ఎవరిది? నీ ప్రతిపాదనలో ఈ ప్రశ్నకు చోటే లేదు. నా దృష్టిలో అసలు పరిశోధన ఇదే. రొయ్యల పట్టుబడి రోజుల్లో ఆ రైతుల దగ్గరకు వెళ్లకు. నీ సమ్మతి పత్రాన్ని కూడా తెలుగులో చదివి వినిపించి, ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పి, వారు తమ మాటల్లో తిరిగి చెప్పిన తరువాతే సంతకం అడుగు. లేకపోతే నువ్వు విమర్శిస్తున్న తెరకూ నీ కాగితానికీ తేడా ఉండదు.

డిజైన్ బోధన సంగతికొస్తే, పాఠ్యప్రణాళికలో నైతికత అన్న అధ్యాయం ఉందో లేదో లెక్కపెట్టడం వృథా. విద్యార్థుల పనిని అందరి ముందు విమర్శించే తరగతిలో వెనక కూర్చుని, “ఎంతమంది కొంటారు?” అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో, “దీనివల్ల నష్టపోయేదెవరు?” అన్నది ఎన్నిసార్లు వచ్చిందో రాసుకో.

సవరించిన ప్రశ్నావళి పంపు. రైతులను అడిగే తెలుగు వాక్యాలు నేనూ మీ అత్తయ్యా సరిచూసి పంపుతాం.