పేరు చివర్న రాయి

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా పాత బేస్‌బాల్ ఫోటోల గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. వాక్యం బాగా నడుస్తోంది. కానీ మొదటి పేరాలోనే, నువ్వు తీసుకున్న జట్టు ఫోటోలో ఎడమ చివర నిలబడ్డ మనిషి ఫలానా ఆటగాడని తేల్చేశావు. ఎలా తెలిసిందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. చొక్కా మీద జట్టు పేరు చూసి నమ్మినట్టున్నావు.

చొక్కాను నమ్మితే ఏమవుతుందో చూడు. 1911 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ జట్టు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఆడీ జాస్ చనిపోయాడు. అతని కుటుంబానికి డబ్బు పోగుచేయడానికి జులై 24న మిగతా జట్ల మేటి ఆటగాళ్ళు వచ్చి క్లీవ్‌లాండ్‌తో ఆడారు. ఆ రోజు అందరూ కలిసి దిగిన ఫోటోలో టై కాబ్ ఉన్నాడు. అతను డెట్రాయిట్ ఆటగాడు. తన యూనిఫాం అందకపోవడంతో క్లీవ్‌లాండ్ బట్టల్లో నిలబడ్డాడు. ఇంత పేరున్న మనిషి కాబట్టి సరిపోయింది. అదే పేరులేని కుర్రాడైతే చొక్కా చూసి జట్టు రాసేవాళ్ళం, జట్టును బట్టి ఎవరో ఒకరి పేరు తగిలించేవాళ్ళం.

అందుకని బట్టలను కాలం తెలుసుకోవడానికి వాడు. 1849లో న్యూయార్క్ నికర్‌బాకర్ బేస్‌బాల్ క్లబ్బు వాళ్ళు నీలం ఉన్ని పాంట్లు, తెల్ల ఫ్లానెల్ చొక్కాలు, గడ్డి టోపీలు పెట్టుకున్నారు. మోకాలి దగ్గర ఆగే లాగు, కింద ఎర్ర మేజోళ్ళు సిన్సినాటి జట్టుతో బాగా పేరుకెక్కాయి. 1869లో అందరూ జీతగాళ్ళే అని బాహాటంగా చెప్పుకున్న మొదటి జట్టు అదే. 1860లలో రొమ్ము మీద గుండీలతో బిగించిన డాలు లాంటి గుడ్డ, దాని మీద ఒక అక్షరం కనిపిస్తాయి. తర్వాత తాళ్ళతో బిగించే చొక్కాలు వచ్చాయి. 1900ల మొదట్లో మడత కాలరు, 1910 ప్రాంతంలో మెడ చుట్టూ నిలబడే పొట్టి కాలరు, ఆ తర్వాత అసలు కాలరే లేదు. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) కాళ్ళకు బయటికి కనిపించే రక్షణ పట్టీలుంటే, 1907లో న్యూయార్క్ క్యాచర్ రోజర్ బ్రెస్నహాన్ పెద్ద లీగులో వాటిని బాహాటంగా తొడుక్కున్న సంగతి గుర్తు తెచ్చుకో.

ఒక్క జాగ్రత్త. ఫోటో ఏ కాలానికి ముందుది అయ్యుండదో బట్టలు చెబుతాయి. ఏ కాలానికి తర్వాతది కాదో చెప్పలేవు. చిన్న ఊళ్ళ జట్లు పాత చొక్కాలనే ఏళ్ళ తరబడి తొడుక్కునేవి.

రంగులూ మోసం చేస్తాయి. ఆనాడు ఫోటో తీసే గాజు పలకలకు ఎరుపు అందేది కాదు, నీలం ఎక్కువగా అందేది. ఎర్ర మేజోళ్ళు ఫోటోలో నల్లగా పడతాయి, లేత నీలం దాదాపు తెల్లగా తేలుతుంది. "నల్ల మేజోళ్ళ జట్టు" అని రాసే ముందు ఇది ఆలోచించు.

ఇక నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి చెబుతాను. నా తొలి రోజుల్లో ఇనుప రేకు మీద తీసిన ఒక టిన్‌టైప్ చూసి, ఆ కుర్రాడిది ఎడమచేతి వాటమని అర పేజీ రాశాను. టిన్‌టైప్‌లో బొమ్మ అద్దంలో లాగా కుడిఎడమలు తారుమారై పడుతుంది. చొక్కా గుండీలు ఏ వైపున్నాయో చూసినా తెలిసిపోయేది. నేను చూడలేదు. అచ్చయిపోయింది.

ముఖం పోల్చేటప్పుడు మీసం, జుట్టు, బుగ్గలు పక్కనపెట్టి చెవి చూడు. చెవి తమ్మె బుగ్గకు అతుక్కుని ఉందా, విడిగా వేలాడుతోందా? పైమడత ఎలా తిరిగింది? మనిషి లావైనా, ముసలివాడైనా ఆ ఆకారం పెద్దగా మారదు. రెండు ఫోటోల్లో తల ఒకే వైపు తిరిగి ఉన్నప్పుడే పోల్చు. పది పోలికలున్నా చెవి తేడాగా ఉంటే ఆ పేరు వదులుకో. నికర్‌బాకర్ల తొలి సభ్యుడు అలెగ్జాండర్ కార్ట్‌రైట్ ఉన్నాడని చెప్పే ఆరుగురి డాగెరోటైప్ (వెండి పూత రేకు మీద తీసే తొలి రకం ఫోటో) ఒకటుంది. అతను నిజంగా అందులో ఉన్నాడా అని పరిశోధకులు ఇలాంటి పోలికలతోనే వాదించుకున్నారు.

ఫోటో అతికించిన అట్టను వెనక్కి తిప్పి చూడడం మరిచిపోకు. పన్ను బిళ్ళ అంటించి ఉంటే, అది అమెరికాలో ఫోటోలకు పన్ను వేసిన 1864 సెప్టెంబరు, 1866 ఆగస్టుల మధ్యది కావచ్చు. పేరు రాసి ఉన్నా వెంటనే నమ్మకు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న బెయిన్ న్యూస్ సర్వీస్ అనే వార్తా ఫోటోల సంస్థ గాజు నెగెటివ్‌ల మీద చాలాచోట్ల ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది, అదీ కొన్నిసార్లు అక్షర దోషాలతో.

ఇంత పట్టింపు ఎందుకంటావేమో. 1881 నాటి ఓబర్లిన్ కాలేజీ జట్టు ఫోటోలో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్, తమ్ముడు వెల్డీ ఉన్నారు. ఇద్దరూ నల్లవాళ్ళు. 1884లో టొలీడో తరఫున పెద్ద లీగులో ఆడారు. ఆ తర్వాత 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా నల్లవాళ్ళకు ఆ తలుపు మూసేశారు. వాళ్ళు ఓబర్లిన్ జట్టులో ఆడారనడానికి ఆ ఫోటో కూడా ఒక సాక్ష్యం. అలాంటి వరసలో ఒక పేరు తప్పు పడితే ఉన్నవాడు మాయమవుతాడు, లేనివాడు వచ్చి కూర్చుంటాడు. నాకది అన్యాయంగా తోస్తుంది.

నీ వ్యాసం తిరగరాసేటప్పుడు ముందు ఫోటో ఏ రకందో రాయి, తర్వాత బట్టలు, ఆ తర్వాత చెవులు. పేరు చివర్న. నమ్మకం కుదరకపోతే "కావచ్చు" అని రాయడానికి సిగ్గుపడకు. ఎడమ చివరి మనిషి తలను పెద్దగా స్కాన్ చేసి, అట్ట వెనక వైపుతో సహా నాకు పంపు. ఆదివారం తీరిగ్గా చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య