పుష్ నోటిఫికేషన్లు (యాప్ నుంచి ఫోన్ తెర మీదకు వచ్చే చిన్న సందేశాలు) ఎక్కువ పంపితే అమ్మకాలు పెరుగుతాయా?

పెరగవు; అవసరం ఉన్నవాళ్లకే, వాళ్లకు తీరిక దొరికే వేళ పంపితే ఫలితం ఉంటుంది. ఎందుకంటే ఆపేసే బటన్ జనం చేతిలోనే ఉంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ ముందుగా అనుమతి అడగాలి. రెండుసార్లు వద్దంటే మళ్లీ అడిగే వీలుండదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాళ్లే ఆన్ చేసుకోవాలి (అంత ఓపిక ఎవరికుంటుంది?).

ఉదాహరణకు, హన్మకొండలోని ఒక బట్టల షాపు అందరికీ రోజూ ఆఫర్లు పంపే బదులు, యాప్‌లో చీరలు చూసి కొనకుండా వదిలేసినవాళ్లకు సద్దుల బతుకమ్మకు వారం ముందు, సాయంత్రం పూట పంపాలి. నొక్కగానే ఆ చీరల పేజీయే తెరుచుకోవాలి.

క్లిక్కులు పెరిగితే చాలని చాలామంది అనుకుంటారు. కానీ నొక్కినవాళ్లలో ఎంతమంది కొన్నారు, ఎంతమంది విసిగి నోటిఫికేషన్లు ఆపేశారు అన్నది చూడాలి.