నింజా 400ని క్లబ్ రేసు బండిగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇది: రోడ్డు మీద తిరిగిన కవాసకి నింజా 400 బైకు ఉంది, క్లబ్ రేసుల్లో దించాలనుకుంటున్నారు, ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్, ఈసీయూ ఫ్లాష్‌తో (ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చడం) మొదలుపెట్టొచ్చా అని. వద్దు. ఆ మూడూ చిట్టచివరి పనులు. అసలు మీరు దిగే క్లాసులో ఇంజన్ జోలికి వెళ్లనిస్తారో లేదో ముందు చూడండి. రూల్‌బుక్కులో "మార్చకూడదు" అని ఉన్న ప్రతి లైనుకూ గీత పెట్టుకోండి. అది చదవకుండా కొన్న పార్టులే తర్వాత సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో కనిపిస్తుంటాయి.

విప్పే పని తేలిక. హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలు, నంబర్ ప్లేటు బ్రాకెట్, హారన్, వెనక సీటు ఫుట్‌రెస్టులు, సైడ్ స్టాండ్ తీసేయాలి. చిక్కంతా సైడ్ స్టాండ్ స్విచ్ దగ్గరే. స్టాండ్ తీసేశాక గేరు వెయ్యగానే బండి ఆగిపోతుంది, ఎందుకంటే స్టాండ్ కిందికే ఉందని ఈసీయూ అనుకుంటుంది. రెండు వైర్లు కలిపేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు కానీ అన్ని మోడళ్లకూ అది కుదరదు. విప్పేముందే స్టాండ్ పైకి మడిచి, కనెక్టర్ ఊడదీసి, స్విచ్ వైపు మల్టీమీటర్ పెట్టి చూడండి. సర్క్యూట్ కలిసి ఉంటే కనెక్టర్‌కు ఒక జంపర్ (రెండు పిన్నులనూ కలిపే చిన్న వైరు) చాలు. విడిగా ఉంటే కనెక్టర్‌ను ఖాళీగా వదిలేసి టేప్ చుట్టండి. వైరింగ్ హార్నెస్ మాత్రం కత్తిరించకండి. టిప్-ఓవర్ సెన్సర్‌ను అసలు ముట్టుకోవద్దు. బండి పడినప్పుడు ఇంజన్‌ని ఆపేది అదే. చోటు మార్చాల్సి వచ్చినా దాని మీద ఉన్న గుర్తు పైకే ఉండాలి, తలకిందులుగా బిగిస్తే బండి స్టార్టే కాదు.

తర్వాత కూలెంట్. మామూలు కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది. అది ట్రాక్ మీద పడితే నీళ్లలా ఆరిపోదు, జారుడుగా ఉండిపోతుంది, వెనక వచ్చేవాళ్లు వరసగా పడతారు. అందుకే క్లబ్బులు దాన్ని ఒప్పుకోవు. ఒక్కసారి పారబోసి నీళ్లు పోస్తే పోదు, ఇంజన్ బ్లాకులో చాలా మిగిలిపోతుంది. డ్రెయిన్ చేసి, నీళ్లు నింపి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపి (థర్మోస్టాట్ తెరుచుకుంటేనే అంతా కలుస్తుంది), పూర్తిగా చల్లారాక మళ్లీ డ్రెయిన్ చేయండి. బయటికొచ్చే నీటికి రంగు పోయి, వేళ్ల మధ్య రుద్దితే జిగురు తగలనంత వరకూ ఇదే పని. ఆఖరున డిస్టిల్డ్ వాటర్, దాంట్లో గ్లైకాల్ లేని తుప్పు నిరోధక అడిటివ్. గడ్డకట్టే చలి ఉన్న చోట బండి పక్కన పెట్టేముందు ఆ నీళ్లు తీసేయాలి, లేదంటే బ్లాకు పగులుతుంది.

ఇక లాక్‌వైర్, అంటే బోల్టులు ఊడి పడకుండా కట్టే సన్న తీగ. స్క్రూటినీలో (రేసుకు ముందు బండి తనిఖీ) ఎక్కువ బళ్లు వెనక్కి వెళ్లేది దీనివల్లే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఫిల్లర్ క్యాప్, ఆయిల్ ఫిల్టర్, ఫ్రంట్ క్యాలిపర్ బోల్టులు దాదాపు అందరూ అడుగుతారు. యాక్సిల్ నట్లు, రేడియేటర్ క్యాప్ కొందరు అడుగుతారు. 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్ వైరు, 1.5 మి.మీ. కోబాల్ట్ డ్రిల్ బిట్లు తీసుకోండి. బిట్లు అరడజనైనా కొనండి, విరుగుతాయి. బోల్టును వైస్‌లో గట్టిగా బిగించి, హెడ్‌లో ఒక చదును ముఖం మీద సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, పక్క ముఖం నుంచి బయటికొచ్చేలా మూల మీదుగా రంధ్రం వెయ్యండి. స్పీడు తక్కువగా, కటింగ్ ఆయిల్ ధారాళంగా ఉండాలి. బిట్టు విరిగేది మొదట్లో కాదు, అవతలి వైపు మొన బయటపడే క్షణంలో. అక్కడ చెయ్యి వదులు చేసి, నొక్కకుండా దాని పాటికి దాన్ని వెళ్లనివ్వండి. రంధ్రం హెడ్‌లోనే ఉండాలి, థ్రెడ్ ఉన్న కాడలోకి పోకూడదు. బ్రేకు బాంజో బోల్టు (బ్రేక్ లైనును క్యాలిపర్‌కు బిగించేది) లోపల బోలుగా ఉంటుంది, దానికి హెడ్ అంచుకు మాత్రమే వెయ్యాలి.

వైరు కట్టేముందు బోల్టును టార్క్ రెంచ్‌తో బిగించాలి. వైరు బోల్టును బిగించి పెట్టదు, వదులైన బోల్టు ఊడి పడకుండా ఆపుతుంది, అంతే. వైరు లాగే దిశ బోల్టు బిగుసుకునే దిశ కావాలి. తిరగేసి కడితే అదే బోల్టును వదులు చేస్తుంది, స్క్రూటినీలో మొదట చూసేది అదే. మెలికలు సెంటీమీటరుకు మూడు చాలు. ఎక్కువ తిప్పితే వైరు పెళుసై తెగుతుంది. కొసను వెనక్కి మడవండి, లేకపోతే చేతులు కోసుకుంటారు. ఆయిల్ ఫిల్టర్‌కు రంధ్రం వెయ్యలేం కాబట్టి చుట్టూ హోస్ క్లాంప్ బిగించి, దాని స్క్రూ నుంచి దగ్గరి బోల్టుకు వైరు లాగుతారు.

రేసు ఫైబర్‌గ్లాస్ ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే తొడుగు) కొనేటప్పుడు అడుగు భాగం చూడండి. ఇంజన్ పగిలితే ఆయిల్, కూలెంట్ కలిపి ఉన్న మొత్తంలో కనీసం సగం పట్టాలన్నది చాలా రూల్‌బుక్కుల్లో ఉంటుంది. బిగించాక కొలిచిన నీళ్లు పోసి చూస్తే తేలిపోతుంది. అడుగున ఉన్న డ్రెయిన్ రంధ్రం ఎండలో మూసి, వానలో తెరవాలి. లోపల పరిచే ఆయిల్ పీల్చే మ్యాట్ ఎగ్జాస్ట్ పైపుకు తగలకూడదు, ఆయిల్ పీల్చిన మ్యాట్ తేలిగ్గా అంటుకుంటుంది. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు ఎయిర్‌బాక్స్‌లోకో క్యాచ్ బాటిల్‌లోకో వెళ్లాలి, గాల్లోకి వదలకూడదు.

బ్రేకులకు మంచి రేస్ ప్యాడ్లు, స్టీల్ బ్రెయిడెడ్ లైను, కొత్త ఫ్లూయిడ్. డాట్ 4 (బ్రేక్ ఫ్లూయిడ్ గ్రేడు) కనీస మరిగే స్థాయి కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. అందుకే సీల్ తీసి నెలలు గడిచిన డబ్బాలోది వాడకూడదు. డాట్ 5 సిలికాన్, దీంట్లో కలపకండి. కొన్ని ల్యాపులయ్యాక లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తుంటే ఫ్లూయిడ్ మరుగుతోంది. లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేశాయి. రెండింటికీ మందు వేరు, దేనికోసం ఖర్చు పెడుతున్నారో తెలుసుకుని పెట్టండి. ఫ్రంట్ లివర్‌కు గార్డు తప్పనిసరి. పక్క బండి తగిలి లివర్ నొక్కుకుంటే ముందు చక్రం బిగుసుకుపోతుంది.

డబ్బులో పెద్ద వాటా సస్పెన్షన్‌కే పోవాలి. ఈ బండి 41 మి.మీ. ఫోర్కులకు (ముందు సస్పెన్షన్ గొట్టాలకు) బయటినుంచి ఏ అడ్జస్ట్‌మెంటూ లేదు, వెనక ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలన్నది) ఒక్కటే. సూట్, హెల్మెట్, బూట్లతో కలిపి మీ బరువు తూచి దానికి తగ్గ స్ప్రింగులు, కుదిరితే కార్ట్రిడ్జ్ కిట్టు, వెనకకు అడ్జస్టబుల్ షాక్ వెయ్యండి. శాగ్ (మీరు కూర్చుంటే సస్పెన్షన్ ఎంత దిగుతుందన్నది) కొలవడానికి మొదట చక్రం గాల్లోకి లేపి పూర్తి పొడవు రాసుకోండి. తర్వాత మీరు రేసు పొజిషన్‌లో కూర్చుని, ఇంకొకరు బండిని నొక్కి మెల్లగా వదిలాక ఒక కొలత, ఎత్తి మెల్లగా వదిలాక మరొకటి తీసుకోవాలి. ఆ రెండిటి సగటును పూర్తి పొడవులోంచి తీసేస్తే శాగ్. ముందు 30-35 మి.మీ., వెనక 25-30 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. రెండు కొలతల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే స్ప్రింగు తప్పు కాదు, ఫోర్కు ఎక్కడో పట్టేస్తోంది. యాక్సిల్ పించ్ బోల్టు వదులు చేసి, ఫోర్కును కొన్నిసార్లు నొక్కి మళ్లీ బిగించండి. చాలాసార్లు దానితోనే పోతుంది. ఫోర్కు గొట్టానికి ఒక జిప్ టై కడితే సెషన్ తర్వాత ఎంత దిగిందో కనిపిస్తుంది.

టైర్లు వెడల్పు పెంచొద్దు. వెనక స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సైజు 150 మి.మీ., ఆ రిమ్ముకు 160 ఎక్కిస్తే ప్రొఫైలు నొక్కుకుపోయి బండి వంగడం మొరాయిస్తుంది. టైర్ వార్మర్లు (టైర్లను ముందే వేడిచేసే తొడుగులు) లేకపోతే స్లిక్స్ (గాడులు లేని రేసు టైర్లు) జోలికి పోకండి, త్వరగా వేడెక్కే ట్రాక్ టైర్లే మేలు. గాలి ఒత్తిడి టైరు కంపెనీ చెప్పిన అంకెతో మొదలుపెట్టి, ట్రాక్ నుంచి రాగానే వేడి మీద కొలవండి. రబ్బరు వాల్వుల బదులు మెటల్‌వి, మెటల్ క్యాపులతో.

గేరింగ్ మార్చడం చవకైన పని. స్టాక్ 14/41 (ముందు, వెనక స్ప్రాకెట్ల పళ్లు) అంటే నిష్పత్తి 2.93. ముందు 13 వేస్తే 3.15, వెనక 44 వేస్తే 3.14, అంటే దాదాపు ఒకటే. నా ఓటు వెనకదానికే. ముందు స్ప్రాకెట్ చిన్నదైతే చెయిన్ ఎక్కువ వంగి అరుగుతుంది, స్వింగ్ ఆర్మ్ స్లైడర్‌నూ తినేస్తుంది. కాకపోతే చెయిన్ లింకులు పెంచాల్సి రావచ్చు. చెయిన్ కింది వరస వెనక స్ప్రాకెట్‌ను చేరే చోట షార్క్ ఫిన్ గార్డు మర్చిపోకండి, పడినప్పుడు వేళ్లు ఇరుక్కునేది అక్కడే.

ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే, రూల్ ఒప్పుకుంటే, అప్పుడు ఎగ్జాస్ట్. దానితో పాటు ఫ్యూయల్ మ్యాపింగ్ కూడా చేయించాలి, లేకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. సౌండ్ పరిమితి ఎంతో కొనకముందే చూడండి.

రేసుకు వెళ్లేముందు ప్రతి ముఖ్యమైన బోల్టుకూ టార్క్ చెక్ చేసి పెయింట్ మార్కర్‌తో గీత పెట్టండి, సెషన్ల మధ్య ఆ గీతలు చూస్తే కదిలినది ఇట్టే తెలుస్తుంది. పెట్టెలో విడిగా రెండు బ్రేక్ లివర్లు, ఒక క్లచ్ లివర్, రెండు వైపుల క్లిప్-ఆన్ హ్యాండిల్ గొట్టాలు, ఫుట్‌పెగ్గులు, గేర్ లివర్, లాక్‌వైర్ చుట్ట, ఇంకో బాటిల్ బ్రేక్ ఫ్లూయిడ్ ఉండాలి. తక్కువ స్పీడులో పడినా మొదట విరిగేవి ఈ లివర్లు, గొట్టాలు, పెగ్గులే, పెట్టెలో వీటిలో ఒకటి లేక రోజంతా పిట్‌లో కూర్చోవాల్సి వస్తుంది.