ఊపిరి చప్పుడు తీసేయాలా?

ప్రశ్న: విడాకుల తర్వాతి బాధ మీద ఒక పాప్ సింగిల్ రికార్డ్ చేశాం. చరణాలు గుసగుసగా పాడించాం. మిక్సింగ్‌లో ఊపిరి చప్పుడు మరీ ఎక్కువైంది, తీసేస్తే పాట చప్పబడింది. ఏం చేయాలి?

జవాబు: ఊపిరి చప్పుడు పెరగడానికి కారణం కంప్రెసర్, అంటే శబ్దంలోని హెచ్చుతగ్గులను తగ్గించే సాధనం. గట్టిగా పలికిన అక్షరాలను అది నొక్కేస్తుంది. ఆ తర్వాత మొత్తం వాల్యూమ్ పెంచగానే ఊపిరి కూడా పైకి లేస్తుంది. అందుకే కంప్రెసర్‌కు ముందే ఒక్కో ఊపిరినీ విడిగా కత్తిరించి 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. అంచులకు చిన్న ఫేడ్ (శబ్దం మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గేలా చేయడం) ఇవ్వకపోతే 'టిక్' మంటుంది. విడిపోయిన సంగతి మొదటిసారి బయటపడే వాక్యం ముందున్న ఊపిరిని మాత్రం ముట్టుకోకండి. వినేవాళ్లకు మాటకన్నా ముందు తగిలేది అదే. పల్లవిలో వాయిద్యాలే కప్పేస్తాయి, అక్కడ ఇంత శ్రమ దండగ. మళ్లీ పాడించే వీలుంటే మైకును నోటికి 15–20 సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కకు పెట్టండి.