షెడ్డులో ఉన్న పడవను అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది కర్నూలు. శ్రీశైలం వెనుక జలాల్లో సరదాగా తిరగడానికి 2019లో 25 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న ఫైబర్ పడవను ట్రైలర్‌తో కలిపి 7.40 లక్షల రూపాయలకు కొన్నాను. తర్వాత 70 వేలు పెట్టి తెడ్డుతో నడిపే చిన్న పడవలు, కయాక్‌లు, రెండు తీసుకున్నాను. మొదట్లో తరచుగా ముచ్చుమర్రి వైపు వెళ్లేవాళ్లం. మా అబ్బాయి ఉద్యోగరీత్యా బెంగళూరు వెళ్లాక, నిరుడు మూడుసార్లే పడవను నీటిలో దించాం. నందికొట్కూరులో షెడ్డు అద్దె 18 వేలు, సర్వీసింగ్, బ్యాటరీ 14 వేలు, బీమా 6 వేలు, మొత్తం ఏడాదికి 38 వేలు ఖర్చవుతోంది. పడవ, ఇంజిన్, ట్రైలర్ కలిపి 2.80 లక్షలకు ఒకరు అడుగుతున్నారు. కొన్న ధరలో సగం కూడా రావడం లేదని మనసొప్పడం లేదు. సంక్రాంతికి వచ్చిన అబ్బాయి అమ్మవద్దన్నాడు. గృహరుణం 9 లక్షలు మిగిలి ఉంది, 8.5 శాతం ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ. నాలుగేళ్లలో ఉద్యోగ విరమణ. ఏం చేయమంటారు?

జవాబు: ఇంజిన్ పడవను, ట్రైలర్‌ను అమ్మేయండి. కయాక్‌లను మాత్రం ఉంచుకోండి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ఆలోచించడం వల్లనే మీకు నిర్ణయం కష్టమవుతున్నట్టు నాకు అనిపిస్తోంది.

మీరు 7.40 లక్షల దగ్గరే ఆగిపోయారు. ఆ డబ్బు 2019లోనే ఖర్చయింది, ఇప్పుడు అమ్మినా అమ్మకపోయినా తిరిగి రాదు. చూడవలసింది, మీ చేతిలోకి రాగల 2.80 లక్షలను పడవ రూపంలో ఉంచుకోవడానికి ఏటా ఎంత చెల్లిస్తున్నారన్నదే. ఆ మొత్తాన్ని గృహరుణానికి కడితే మొదటి ఏడాదిలోనే సుమారు 23,800 రూపాయల వడ్డీ తగ్గుతుంది. దానికి మీ 38 వేల ఖర్చు కలిపితే 61,800 అవుతుంది. నిరుటి మూడు షికార్లకు పంచి చూస్తే, పెట్రోలు కాక, ఒక్కో షికారుకు 20,600 పడింది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ రెండు రోజులు ఎక్కడైనా మంచి హోటల్లో ఉండి రావచ్చు. నెలకు రెండుసార్లు వెళ్లే ఇంటికైతే నేను ఈ లెక్క వేసేవాణ్ణే కాదు. సరదాకు కొన్న వస్తువు లాభం తేవాలన్న నియమమేమీ లేదు.

ఇక ధర. ఇలాంటి పడవలో కొనేవారు ప్రధానంగా డబ్బు పెట్టేది ఇంజిన్‌కే, నిలిచి ఉంటే పాడయ్యేదీ ఇంజినే. ట్యాంకులో నిల్వ ఉన్న ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది, నీటి పంపులోని రబ్బరు రెక్కలు గట్టిపడి పగులుతాయి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా కనిపించిందంటే లోపలికి నీరు చేరిందని అర్థం. తెలిసిన కొనుగోలుదారు ముందుగా ఆ ఆయిల్ స్క్రూ విప్పే చూస్తాడు. ఈ మరమ్మతులు ఒక్కొక్కటి చిన్నవే అయినా, బేరంలో మాత్రం చిన్నవిగా ఉండవు. ఇంకో రెండేళ్లు ఆగితే ఇదే ధర వస్తుందని నేను అనుకోను.

అయితే వెంటనే తల ఊపేయవలసిన పని కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి విలాస పడవల మీద జీఎస్టీ 40 శాతానికి చేరింది. కొత్తది కొనేవారికి భారం పెరిగింది కనుక మీ పాత పడవకు కాస్త బేరమాడే వీలుంది. ఇంజిన్ సర్వీసు చేయించి, రసీదులన్నీ దగ్గర పెట్టుకుని, మరో ఇద్దరిని అడిగి చూడండి. గడువు మాత్రం నీటిదే. శ్రీశైలం జలాశయం పూర్తిస్థాయి మట్టం 885 అడుగులు. వేసవికి అది బాగా పడిపోయి సంగమేశ్వరాలయం బయటపడే నాటికి మీ వైపు ఒడ్డు దూరంగా జరిగిపోయి, ట్రైలర్ దిగబడే బురదే మిగులుతుంది. ఇప్పుడైతే పడవను నీటిలో దించి నడిపి చూపవచ్చు. ఆ తర్వాత డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజిన్ తిప్పి చూపడమే గతి, దానికి ఎవరూ పూర్తి ధర ఇవ్వరు. వానాకాలం దాకా ఆగుదామన్నా, 2023లో లాగా వరద సరిగా రాకపోతే ఆ ఏడాదీ పోయినట్టే. కొసరుకు పోయి అసలుకే మోసం తెచ్చుకోకండి. 2.80 లక్షల కంటే ఎక్కువ ఎవరూ ఇవ్వకపోతే, ఫిబ్రవరి దాటకుండా ఇదే బేరం ఖాయం చేయండి.

మీరు అడగలేదు కానీ, ఇలాంటి ఉత్తరాల్లో తరచూ వచ్చే ఆలోచన ఒకటుంది: పర్యాటకులకు అద్దెకు తిప్పితే ఖర్చులు వస్తాయి కదా అని. వద్దు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రయాణికులను ఎక్కించుకుంటే బాధ్యత ఇంకా పెరుగుతుంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పర్యాటకుల పడవ ప్రమాదం తర్వాత మన రాష్ట్రంలో ఈ విషయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు పరాయి వాళ్ల ప్రాణాల పూచీ నెత్తిన పెట్టుకోవడం మీకు తగదు.

పన్ను విషయం సులువే. సొంత వాడకానికి ఉంచుకున్న పడవ ఆదాయపు పన్ను దృష్టిలో మూలధన ఆస్తి కాదు. లాభం వచ్చినా పన్ను పడదు, నష్టాన్ని స్థలం అమ్మకంలోనో షేర్లలోనో వచ్చిన లాభంతో సర్దుబాటు చేసుకోవడమూ కుదరదు. కానీ డబ్బు తీసుకునేటప్పుడు జాగ్రత్త: రెండు లక్షలు, ఆపైన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోకూడదు. ఒకే అమ్మకం సొమ్మును రెండు రోజుల్లో విడివిడిగా నోట్లలో తీసుకున్నా నిబంధన వర్తిస్తుంది, జరిమానా తీసుకున్న మొత్తమంతా కావచ్చు. బ్యాంకు ఖాతాకే వేయించుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. కిస్తీ తగ్గించకుండా కాలపరిమితి తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి, ఉద్యోగ విరమణ దగ్గర పడుతున్న మీకు అదే మేలు.

అబ్బాయి మాటను తీసిపారేయమని నేను చెప్పను. ఏటా 38 వేలు తాను భరిస్తానంటే, ఏడాదిలో కనీసం ఎన్నిసార్లు వస్తాడో కూడా చెబితే, పడవ ఉంచండి. ఆ మాట ఇవ్వలేకపోతే అతనికి కావలసింది చిన్ననాటి షికార్ల జ్ఞాపకమే కావచ్చు, దానికి రెండు కయాక్‌లు చాలు. వాటికి ఇంజిన్ లేదు, షెడ్డు అక్కరలేదు, మిద్దె మీద నీడలో బోర్లించి పెట్టవచ్చు, కారు పైన కట్టుకుని తీసుకెళ్లవచ్చు; అమ్మినా వచ్చేది స్వల్పమే. లైఫ్ జాకెట్లలో రెండింటిని వాటి కోసం ఉంచుకుని మిగిలినవి పడవతో ఇచ్చేయండి.

అమ్మకం రోజున పడవ రిజిస్ట్రేషన్‌తో పాటు ట్రైలర్ పేరు మార్పిడికి 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు పూర్తి చేసి, రవాణా శాఖలో మీరే దాఖలు చేయండి. కొన్నవాళ్లు తీరిక దొరికినప్పుడు మార్చుకుంటాంలే అంటే ఒప్పుకోవద్దు. రోడ్డు మీద ఆ ట్రైలర్ ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది రికార్డుల్లో పేరున్న మీకే. పేరు మారినట్టు రుజువు చేతికొచ్చాకే బీమా రద్దు చేయించి, మిగిలిన కాలానికి ప్రీమియం ఏమైనా తిరిగి వస్తుందేమో కంపెనీని అడగండి.