ఎలర్జీ ఉందని చెప్పినా అదే వడ్డించారు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు వేరుశనగ పడదు. తొడ ఎముక విరిగితే తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద చేర్చాం. చేర్చేటప్పుడే ఎలర్జీ సంగతి నర్సుకు చెప్పాం, ఆమె రాసుకున్నారు. ఆపరేషన్ మరునాడు ట్రాలీలో వచ్చిన ఇడ్లీ, చట్నీ తిన్న కాసేపటికే అమ్మకు పెదవులు వాచి, ఊపిరి ఆడలేదు. రెండు రోజులు ఐసీయూలో ఉంచి మా చేత 38 వేలు కట్టించారు. అడిగితే, ‘క్యాంటీన్ కాంట్రాక్టరుది, పైగా మీది ఉచిత వైద్యం’ అంటున్నారు. కేసు నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిలుస్తుంది. కాకపోతే ఫిర్యాదులో ఏం రాస్తారన్నది ముఖ్యం. ఇలాంటప్పుడు చాలామంది మొదటి వాక్యంలోనే ‘కలుషిత ఆహారం పెట్టారు’ అని రాసేస్తారు. ఆ మాట మీకే చేటు. అదే చట్నీ పక్క మంచంలోని వారు తిని హాయిగా ఉన్నారు. వేరుశనగ పండే ప్రాంతంలో వేరుశనగ చట్నీ చేయడం తప్పా అని అవతలి లాయరు అడిగితే మీ దగ్గర సమాధానం ఉండదు. ఆసుపత్రి వంటగదికి 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వర్తిస్తుంది, నిజమే. తిండి పాడై ఉంటే ఆ దారి పనికొచ్చేది. మీ ఫిర్యాదు వేరు: ఈ రోగికి ఇది పడదని వార్డుకు తెలిసినా, ఆ సంగతి వడ్డించే మనిషి దాకా చేరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది సేవాలోపం.

ఇక వారి వాదనలు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని 1995లో వి.పి.శాంతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మీ వైద్యం ఉచితమెలా అవుతుంది? ప్రభుత్వ ట్రస్టు ప్యాకేజీ సొమ్ము చెల్లిస్తుంది, అందులో రోగి భోజనం కూడా ఉంటుంది. కాంట్రాక్టరు మాటా అంతే. వైద్యుడు జీతగాడైనా, కాంట్రాక్టు మీద వచ్చినవాడైనా ఆసుపత్రిదే బాధ్యత అని 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టర్ల విషయంలో చెప్పిన మాట చట్నీ విషయంలో చెల్లదని వాదించడం కష్టం. క్యాంటీన్ యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చండి, ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి వీలుండదు.

అసలు పోరు కాగితాల మీదే. ‘బంధువులే బయట బండి దగ్గర కొని తెచ్చారు’ అన్న జవాబు తప్పకుండా వస్తుంది. ఆసుపత్రి గేటు ముందు టిఫిన్ బండి లేని ఊరు ఏది? ట్రేను ఫోనులో ఫొటో తీసి ఉంటే, లేదా పక్క మంచం వారు సాక్ష్యం చెబితే మేలు. కేసు షీటు, నర్సుల నోట్సు, డైట్ చీటీ నకళ్లు కావాలని ఈరోజే రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలి. అవి చేతికి రాగానే చూడాల్సింది చేరిన రోజు కాగితంలో ఎలర్జీ అన్న గడి. అక్కడ వేరుశనగ అని ఉంటే సగం కేసు గెలిచినట్టే. ఖాళీగా ఉంటే, చెప్పినప్పుడు పక్కన ఎవరున్నారో గుర్తుచేసుకోండి.

తర్వాత ఇంజెక్షన్ల సమయాలు చూడండి. ఇలా ఊపిరి ఆడనప్పుడు ముందుగా పడాల్సింది తొడ కండరంలోకి అడ్రినలిన్. మామూలు ఎలర్జీ మందు అవిల్ ఒక్కటి ఇచ్చి గంటసేపు ఆగి ఉంటే అది రెండో లోపం, విడిగా రాయాలి. ప్రతి కేసులోనూ నిపుణుడి నివేదిక అక్కర్లేదని 2010లో వి.కిషన్‌రావు కేసు తీర్పు ఉంది. చెప్పినా వడ్డించారన్నదానికి ఆ నివేదిక అవసరపడదు కానీ ఇంజెక్షన్ ఆలస్యానికి మాత్రం ఒక డాక్టరు అభిప్రాయం ఉంటే మంచిది.

పోలీసు కేసు మీద ఆశ పెట్టుకోకండి. క్రిమినల్ నేరం కావాలంటే ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఘటన జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయవచ్చు. వైద్యానికి చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. నా తోటి లాయర్లకు నచ్చకపోయినా చెబుతాను, మీ కేసు మీరే వాదించుకోవచ్చు. 38 వేలు తిరిగి ఇప్పించాలనీ, అమ్మ పడ్డ బాధకు పరిహారం కావాలనీ వేర్వేరుగా అడగండి. నగదు రహిత పథకంలో డబ్బు కట్టించుకున్నందుకు ఆసుపత్రిలో ఈ పథకం వ్యవహారాలు చూసే ఆరోగ్యమిత్రకు మరో ఫిర్యాదు ఇవ్వండి.

నోటీసు అందగానే ఆ 38 వేలు వెనక్కి ఇస్తామని ఆసుపత్రి నుంచి ఫోను రావచ్చు. తీసుకోండి. రసీదులో ‘ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఉంటే మాత్రం సంతకం పెట్టకండి.